ఒకే పేరు, ఇద్దరు ఆటగాళ్లు: బ్రిటిష్ క్రీడాకారుల జీవితాలను కలగాపులగం చేయకుండా రాయడం ఎలా?

1898 ఆగస్టులో చెస్టర్‌ఫీల్డ్ మైదానంలో డెర్బీషైర్ మీద యార్క్‌షైర్ ఓపెనర్లు ఇద్దరూ కలిసి 554 పరుగులు చేశారు. టన్నిక్లిఫ్ 243, జె.టి. బ్రౌన్ 300. ఆ భాగస్వామ్యం రికార్డు 1932 దాకా చెక్కుచెదరలేదు. అయితే ఆ కాలంలో యార్క్‌షైర్‌కు ఆడిన జె.టి. బ్రౌన్‌లు ఇద్దరున్నారు. ఇద్దరి పూర్తి పేరూ జాన్ థామస్ బ్రౌనే. ఒకరు డ్రిఫీల్డ్ ఊరివాడు, 1869లో పుట్టిన బ్యాట్స్‌మన్. ఇంకొకరు బార్న్‌స్లీ దగ్గరి డార్‌ఫీల్డ్‌వాడు, 1874లో పుట్టిన ఫాస్ట్ బౌలర్. 300 కొట్టింది డ్రిఫీల్డ్ బ్రౌన్.

ఇలాంటి చోట తడబడితే నష్టమంతా పేరు రాని ఆటగాడిదే. డ్రిఫీల్డ్ బ్రౌన్‌కు ఎలాగూ చరిత్రలో చోటుంది. డార్‌ఫీల్డ్ బ్రౌన్ చెమటోడ్చి తీసిన వికెట్లు మాత్రం పొరపాటున అవతలివాడి ఖాతాలో పడితే, ఆయన ఆడినట్టు చెప్పడానికి ఇక ఏమీ మిగలదు. వికీపీడియాకు వ్యాసం రాసేవారైనా, పాత క్రీడాకారుల మీద శీర్షిక నడిపేవారైనా, ఇంగ్లండ్‌లో ఉంటూ అక్కడి స్థానిక క్లబ్బు చరిత్ర రాద్దామనుకునే తెలుగువారైనా ఈ పద్ధతి పాటించండి. కొంచెం ఓపిక కావాలి. అవసరమైన ఆధారాల్లో చాలావరకు ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

ముందు పేరును పక్కన పెట్టండి

ఒక్కో మనిషికి ఒక్కో కాగితం తీసుకోండి. పైన పేరు రాయకండి. ఊరు, పుట్టిన సంవత్సరం రాయండి. "డ్రిఫీల్డ్, 1869" ఒక కాగితం. "డార్‌ఫీల్డ్, 1874" ఇంకో కాగితం. ఇకమీదట మీకు దొరికే ప్రతి సమాచారమూ ఈ రెండింటిలో దేనిమీదకు వెళ్లాలో తేలాకే రాయాలి. తేలనిది మూడో కాగితం మీద. ఆ మూడో కాగితమే అసలైన పనిముట్టు. పని పూర్తయ్యేసరికి అది ఖాళీ కాకపోయినా ఫర్వాలేదు, అందులోవి తొందరపడి మిగతా రెండింటిలోకి దూరకుండా ఉంటే చాలు.

ఇది మనకు కొత్త పద్ధతేమీ కాదు. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఒకరిని చెరువుగట్టు వెంకటేశ్వర్లనీ, ఇంకొకరిని రైసుమిల్లు వెంకటేశ్వర్లనీ పిలుచుకుంటాం కదా. యార్క్‌షైర్ వాళ్లూ సరిగ్గా ఇదే చేశారు: "డ్రిఫీల్డ్ బ్రౌన్", "డార్‌ఫీల్డ్ బ్రౌన్" అని రికార్డుల్లో ఊరిపేరు చేర్చారు. ఎక్కడైనా ఆటగాడి పేరు వెంట ఊరిపేరు కనిపిస్తే అది అలంకారానికి పెట్టింది కాదు, అదే పేరుతో ఇంకొకరు ఉన్నారని హెచ్చరిక. వెంటనే ఆ రెండో మనిషి కోసం వెతకండి.

కాగితం మీద కచ్చితంగా ఉండాల్సినవి: పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులు, ఏ జట్టుకు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏం ఆడేవాడు, చనిపోయిన తేదీ. ఒక్క చావు తేదీతోనే చిక్కుముళ్లు ఎన్నో విడిపోతాయి. డ్రిఫీల్డ్ బ్రౌన్ 1904లో, 35 ఏళ్లకే పోయాడు. డార్‌ఫీల్డ్ బ్రౌన్ 1950 దాకా ఉన్నాడు. కాబట్టి 1904 తర్వాత పత్రికల్లో "పాత యార్క్‌షైర్ ఆటగాడు జె.టి. బ్రౌన్ మ్యాచ్ చూడటానికి వచ్చారు" అన్నట్టు ఏదైనా కనిపిస్తే, అది ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు.

పొడి అక్షరాలను, ముద్దుపేర్లను చదవడం నేర్చుకోండి

జాక్ అంటే చాలాసార్లు జాన్. హ్యారీ అంటే హెన్రీ. టెడ్ అంటే ఎడ్వర్డ్, డిక్ అంటే రిచర్డ్. బెర్ట్ దగ్గర మాత్రం జాగ్రత్త, అది ఆల్బర్ట్ కావచ్చు, హెర్బర్ట్ కావచ్చు, హ్యూబర్ట్ కూడా కావచ్చు. వేల్స్‌లో డై అంటే డేవిడ్. పత్రికలో జాక్ అనీ, పుట్టుక నమోదులో జాన్ అనీ కనిపిస్తే ఇద్దరు మనుషులనుకోకండి. అలాగని ఆ ఊరి జాన్‌లందరూ మీ జాక్ అయిపోరు.

పాత క్రికెట్ స్కోర్‌కార్డుల్లో ఇంకో రహస్యం ఉంది. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ల పొడి అక్షరాలు ఇంటిపేరుకు ముందు, జీతానికి ఆడే ప్రొఫెషనల్స్‌వి ఇంటిపేరు తర్వాత వేసేవారు. లార్డ్స్‌లో ఒకసారి కుర్రవాడైన ఫ్రెడ్ టిట్మస్ పేరు "ఎఫ్.జె. టిట్మస్" అని పడితే, దాన్ని "టిట్మస్ ఎఫ్.జె." అని దిద్దుకోవాలని మైకులో ప్రకటించారు. వినడానికి మనసు చివుక్కుమంటుంది. మనుషులను అలా రెండు తరగతులుగా విడదీయడం 1962 చివర్లోగానీ పోలేదు. మీకు మాత్రం ఆ అన్యాయమే ఒక ఆధారం: ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరు అమెచ్యూర్, ఇంకొకరు ప్రొఫెషనల్ అయితే, పొడి అక్షరాలు ఎటువైపున్నాయో చూస్తే స్కోర్‌కార్డు ఎవరిదో తెలిసిపోతుంది.

కొన్నిసార్లు పొడి అక్షరాలే పేరుగా స్థిరపడిపోతాయి. వేల్స్ రగ్బీ ఫుల్‌బ్యాక్ జాన్ విలియమ్స్ 1969లో జాతీయ జట్టులోకి వచ్చాడు. 1973లో అదే జట్టులోకి ఇంకో జాన్ విలియమ్స్, వింగ్‌లో ఆడేవాడు, వచ్చి చేరాడు. అప్పటినుంచి మొదటాయన జె.పి.ఆర్., రెండోఆయన జె.జె. అయ్యారు. అంటే 1973కు ముందరి పత్రికల్లో "జె.పి.ఆర్." కోసం వెతికితే చాలా వార్తలు మీ కంటపడవు, "జాన్ విలియమ్స్" అని కూడా వెతకాలి. జె.పి.ఆర్. ఎముకల వైద్యుడు, కుర్రతనంలో టెన్నిస్‌లోనూ దిట్ట. జె.జె. 1970 కామన్వెల్త్ క్రీడల్లో పరుగెత్తిన స్ప్రింటర్. కాబట్టి "రగ్బీ ఆటగాడు విలియమ్స్, వేరే ఆటలో కూడా రాణించాడు" అన్న వాక్యం ఒక్కదాన్నీ నమ్ముకుని ఏదీ రాయకండి. అది ఇద్దరికీ సరిపోతుంది.

పుట్టినప్పటి పేరు వేరు, బరిలో పేరు వేరు అయిన సందర్భాలు బాక్సింగ్‌లో కొల్లలు. జాక్ లండన్‌నే తీసుకోండి. ఒక జాక్ లండన్ బ్రిటిష్ గయానాలో పుట్టి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున 100 మీటర్లలో వెండి పతకం, రిలేలో కాంస్యం గెలిచిన నల్లజాతి స్ప్రింటర్. ఇంకో జాక్ లండన్ హార్ట్‌లిపూల్ బాక్సర్, 1944లో బ్రిటిష్ హెవీవెయిట్ ఛాంపియన్. ఈ బాక్సర్ కన్నవాళ్లు పెట్టిన పేరు జాన్ జార్జ్ హార్పర్. లండన్ ఇంటిపేరుతో ఆయన పుట్టుక నమోదు కోసం ఎంత వెతికినా దొరకదు. 1966లో మొహమ్మద్ అలీతో తలపడిన బ్రయాన్ లండన్ ఈయన కొడుకే. ఆయనా పుట్టుకతో హార్పరే. వీళ్లిద్దరూ చాలరన్నట్టు, అమెరికన్ రచయిత జాక్ లండన్ వెతుకులాటలో ఎప్పుడూ పైన వచ్చి కూర్చుంటాడు. అందుకే పేరుతోపాటు "స్ప్రింటర్", "హెవీవెయిట్" లాంటి మాటో, ఊరో, సంవత్సరమో జోడించకుండా వెతకనే వెతకకండి. ఒలింపిక్స్‌లో ఆడినవారికి ఒలింపీడియా సైటు, బాక్సర్లకు బాక్స్‌రెక్ సైటు మంచి మొదటి మెట్లు.

జట్టు, సంవత్సరం పట్టిక గీయండి

ఎడమవైపు సంవత్సరాలు, పక్కపక్కన ఇద్దరు మనుషులు. ఏ సంవత్సరం ఎవరు ఎక్కడున్నారో నింపుకుంటూ రండి. ఒకే సంవత్సరం ఇద్దరూ వేర్వేరు చోట్ల కనిపిస్తే పని సులువు. ఒకే చోట కనిపిస్తేనే అసలు పరీక్ష.

ఫుట్‌బాల్‌లో జాన్ చార్ల్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది స్వాన్సీలో 1931లో పుట్టి, లీడ్స్‌కూ, ఇటలీలో జువెంటస్‌కూ ఆడిన వేల్స్ దిగ్గజం. ఇంకో జాన్ చార్ల్స్ ఉన్నాడు. తూర్పు లండన్‌లోని క్యానింగ్ టౌన్‌లో 1944లో పుట్టాడు. 1963లో యూత్ కప్ గెలిచిన వెస్ట్ హామ్ కుర్రాళ్ల జట్టుకు కెప్టెన్ ఆయనే. ఇంగ్లండ్ యువ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా ఆయన్ను చెప్పుకుంటారు. ఇంత పెద్ద విషయం ఒక పేరు నీడలో పడి మరుగైపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఇప్పుడు పట్టిక చూడండి. 1963 నుంచి 1966 వరకు వేల్స్ చార్ల్స్ కార్డిఫ్ సిటీలో, లండన్ చార్ల్స్ వెస్ట్ హామ్‌లో. ఇద్దరూ ఇంగ్లిష్ లీగ్‌లోనే, వేర్వేరు డివిజన్లలో. తమ్ముళ్ల దగ్గరికి వచ్చేసరికి ముడి బిగుసుకుంటుంది. వేల్స్ చార్ల్స్ తమ్ముడు మెల్ కార్డిఫ్‌కు ఆడాడు. లండన్ చార్ల్స్ తమ్ముడు క్లైవ్ వెస్ట్ హామ్ నుంచి మొదలై, 1970లలో తనూ కార్డిఫ్‌కే ఆడాడు. "కార్డిఫ్‌కు ఆడిన చార్ల్స్, అతని అన్న జాన్ కూడా పేరున్న ఫుట్‌బాలరే" అన్న వాక్యం మెల్‌కూ నిజమే, క్లైవ్‌కూ నిజమే. సంవత్సరం ఒక్కటే వాళ్లను విడదీస్తుంది. ఇంటిపేరు, క్లబ్బు, అన్నదమ్ముల బంధం మూడూ కలిసినా సరే, సంవత్సరం సరిపోలకుండా నిర్ధారణకు రాకండి.

ఒకే స్థానంలో ఆడేవాళ్లయితే సంవత్సరం కూడా సరిపోకపోవచ్చు. ఇంగ్లండ్‌కు సెంటర్ హాఫ్‌లుగా ఆడిన డేవ్ వాట్సన్‌లు ఇద్దరు: 1946లో పుట్టినవాడు 1973లో సండర్లాండ్‌తో ఎఫ్.ఎ. కప్ గెలిస్తే, 1961లో పుట్టినవాడు 1995లో ఎవర్టన్ కెప్టెన్‌గా అదే కప్పు ఎత్తాడు. 1986 ప్రపంచకప్ ఇంగ్లండ్ జట్టులోనైతే గ్యారీ స్టీవెన్స్‌లు ఇద్దరున్నారు, ఒకరు ఎవర్టన్, ఒకరు టోటెన్‌హామ్. అక్కడ క్లబ్బు పేరే దిక్కు.

ఇక క్రికెట్‌లో వేల్స్‌కు చెందిన గ్లామోర్గన్ కౌంటీ జట్టు. వేల్స్‌లో జోన్స్‌లు లెక్కలేనంతమంది. అలన్ జోన్స్ 1938లో పుట్టిన ఎడమచేతి వాటం ఓపెనర్. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 36,049 పరుగులు చేశాడు. అదే కౌంటీకి అలన్ లూయిస్ జోన్స్, 1957లో పుట్టినవాడు, ఆయనా బ్యాట్స్‌మనే. 1980లో మూడో జోన్స్ వచ్చాడు: అలన్ ఆర్థర్ జోన్స్, ఫాస్ట్ బౌలర్, అంతకుముందు ససెక్స్, సోమర్‌సెట్, మిడిల్‌సెక్స్‌లకు ఆడి, తర్వాత అంపైర్ అయినవాడు. ఇంగ్లిష్‌లో ఈ మూడోఆయన పేరులో ఒక "ఎల్" ఎక్కువుంటుంది. తెలుగులోకి రాసేసరికి ఆ తేడా మాయమైపోతుంది. కాబట్టి మీ వ్యాసంలో ఈ ముగ్గురినీ ఎప్పుడూ పూర్తి పేరుతోనో, పొడి అక్షరాలతోనో రాయండి. ఏ.ఎల్., ఏ.ఏ. అని రాస్తే చాలు, పాఠకుడు దారి తప్పడు.

రికార్డు మారింది కదా అని మనిషిని మార్చకండి

పైన చెప్పిన పెద్ద అలన్ జోన్స్ 1970లో లార్డ్స్‌లో రెస్ట్ ఆఫ్ ద వరల్డ్ (ఇతర దేశాల ఆటగాళ్లను కూర్చిన) జట్టు మీద ఇంగ్లండ్ తరఫున ఆడి 5, 0 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్‌కు అప్పట్లో టెస్టు హోదా ఉందనుకున్నారు, తర్వాత తీసేశారు. దాంతో ఇంగ్లండ్‌కు టెస్టు ఆడినవారికి ఇచ్చే వరుస నంబరు టోపీ ఆయనకు లెక్కలోకి రాకుండా పోయింది. 2020లో, 81 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్ బోర్డు ఆయనకు 696వ నంబరు టోపీ ఇచ్చి గౌరవించింది. ఇప్పుడు ఒక పుస్తకంలో "టెస్టు ఆడిన జోన్స్" అనీ, ఇంకోదాంట్లో "టెస్టు ఆడని జోన్స్" అనీ ఉంటే ఇద్దరు మనుషులని అనుకోవడం చాలా తేలిక. పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడండి.

ఇలాంటిదే కెన్ జోన్స్ కథ. వేల్స్ రగ్బీకి 44 మ్యాచ్‌లు ఆడిన ఈ వింగర్, 1948 లండన్ ఒలింపిక్స్‌లో 4x100 రిలే జట్టులో పరుగెత్తాడు. అమెరికా జట్టు బ్యాటన్ మార్పిడిలో తప్పు చేసిందని అనర్హులను చేసి, బ్రిటన్‌కు బంగారం ఇచ్చారు. తర్వాత ఫిల్మ్ పరిశీలించి తీర్పు మార్చారు. బ్రిటన్‌కు వెండి మిగిలింది. మర్నాటి పత్రికల్లో ఆయన స్వర్ణ విజేత, ఆ తర్వాతి వాటిలో రజత విజేత. మనిషి ఒక్కడే. ఇంకో కెన్ జోన్స్ నిజంగానే ఉన్నాడు, 1962, 1966లలో లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి రగ్బీ జట్టు) పర్యటనలకు వెళ్లిన సెంటర్ ఆటగాడు, డి. కెన్ జోన్స్. ఒలింపిక్ పతకం ఆయనది కాదు.

నమోదు రికార్డుల్లోకి దిగండి

ఇంగ్లండ్, వేల్స్‌లలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల నమోదు 1837 జులైలో మొదలైంది, స్కాట్లాండ్‌లో 1855లో. ఇంగ్లండ్, వేల్స్ సూచికను ఫ్రీబీఎండీ సైటులో ఉచితంగా వెతకొచ్చు. ఇది మూడేసి నెలల లెక్కన ఉంటుంది, పైగా పుట్టిన తేదీ ప్రకారం కాదు, నమోదైన తేదీ ప్రకారం. బిడ్డ పుట్టాక నమోదుకు 42 రోజుల గడువు ఉండేది. కెన్ జోన్స్ పుట్టింది 1921 డిసెంబరు 30న. అంటే ఆయన్ను 1922 తొలి త్రైమాసికంలో వెతకాలి. 1921లోనే వెతికితే అక్కడ దొరికే కెన్నెత్ జోన్స్ ఇంకెవరో అవుతాడు, మీరు ఆ అబ్బాయి తల్లిదండ్రులను మన ఆటగాడికి అంటగడతారు.

1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి పుట్టుక సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. జోన్స్‌లు, బ్రౌన్‌లు, స్మిత్‌ల మధ్య మనిషిని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆనవాలు లేదు. అంతకుముందరి వారికైతే ప్రభుత్వ రిజిస్టర్ కార్యాలయం వారి సొంత ఆన్‌లైన్ సూచిక చూడండి. అందులో 1837 నుంచే తల్లి ఇంటిపేరు చేర్చారు. చావుల సూచికలో 1866 నుంచి వయసు, 1969 నుంచి పుట్టిన తేదీ ఉంటాయి.

ఒక విషాదకరమైన చిక్కు గుర్తుంచుకోండి. విక్టోరియా కాలంలో బిడ్డ పసితనంలోనే పోతే, తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం మామూలు. ఒకే తల్లిదండ్రులకు, ఒకే ఊళ్లో, రెండేళ్ల తేడాతో ఇద్దరు జాన్ థామస్‌లు కనిపించవచ్చు. మొదటివాడి చావు నమోదైందేమో చూడకుండా పుట్టిన సంవత్సరం ఖాయం చేయకండి.

తర్వాత జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 దాకా పేర్లతో సహా అందుబాటులో ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి, యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరు కొంత పూడుస్తుంది. అందులో పుట్టిన తేదీ, వృత్తి ఉంటాయి. కెన్ జోన్స్ 1921 జూన్ లెక్కలకు ఆర్నెల్ల తర్వాత పుట్టాడు. అంటే ఆయన 17 ఏళ్ల కుర్రాడిగా ఉన్నప్పటి 1939 రిజిస్టరే ఆయనకు మొదటి మెట్టు. వృత్తి గడిని తప్పకుండా చదవండి. పేరులేని ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామంది గని కార్మికులు, నేతపనివారు, సారాయి దుకాణం నడిపేవారు. ఆటగాడి పనీ, రిజిస్టరులోని పనీ కలిస్తే ఒక అడుగు ముందుకు పడినట్టే.

మీ ఆటగాడు ఇండియాలో పుట్టిన బ్రిటిషర్ అయితే ఈ సూచికల్లో ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి చోట్ల కూడా, జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల చర్చి నివేదికలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిని ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు.

పత్రికలు, వీలునామాలు, సమాధులు

ఇంగ్లండ్ పత్రికల కోసం బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌కు చందా కట్టాలి. వేల్స్ జాతీయ గ్రంథాలయం మాత్రం 1919 వరకు పాత పత్రికలను ఉచితంగా ఇస్తోంది. అంతకంటే విలువైనది ఆస్ట్రేలియా వారి పాత పత్రికల సైటు ట్రోవ్. ఇంగ్లండ్ జట్లు అక్కడికి పర్యటనకు వెళ్లినప్పుడు స్థానిక పత్రికలు ఒక్కో ఆటగాడి పుట్టిన ఊరు, వయసు, తీరు వివరంగా వేసేవి. 1895 మార్చిలో మెల్‌బోర్న్‌లో డ్రిఫీల్డ్ బ్రౌన్ 28 నిమిషాల్లో 50 దాటి, 140 చేసి, సిరీస్‌ను 3-2తో ఇంగ్లండ్‌కు తెచ్చిపెట్టాడు. అప్పటి ఆస్ట్రేలియా పత్రికల్లో ఆయన గురించి చదువుతుంటే ఆ మనిషి కళ్లముందు నిలబడతాడు. డార్‌ఫీల్డ్ బ్రౌన్ టెస్టు పర్యటనకు వెళ్లలేదు కనుక అక్కడ గందరగోళానికి తావే లేదు.

చావు తేదీ కోసం 1858 నుంచి ఉన్న ప్రొబేట్ క్యాలెండర్, అంటే చనిపోయినవారి ఆస్తి వ్యవహారాల ప్రభుత్వ సూచిక, వెతకండి. చనిపోయినవారి చిరునామా, చనిపోయిన తేదీ, ఆస్తి వ్యవహారాలు చూసే అధికారం ఎవరికి ఇచ్చారో ఉంటాయి. అందులో భార్య పేరు ఉండి, అది పెళ్లి సూచికతో కలిస్తే మనిషి దొరికినట్టే. యుద్ధంలో పోయినవారికి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు. పేరు కింద తల్లిదండ్రుల పేర్లు, ఊరు ఉంటే అది బంగారం. మొదటి ప్రపంచయుద్ధ సైనికుల సేవా పత్రాల్లో సగానికి పైగా 1940 బాంబుదాడిలో కాలిపోయాయి కాబట్టి, మీ ఆటగాడిది దొరకకపోతే సైన్యంలో లేడని రాయకండి.

రాసేటప్పుడు

ఒక వాస్తవానికి కనీసం రెండు ఆధారాలు చూడండి, అవి ఒకదాన్నుంచి ఒకటి తెచ్చుకున్నవి కాకూడదు. ఇంటర్నెట్‌లో పది సైట్లలో ఒకే పుట్టిన తేదీ ఉంటే అది తరచుగా ఒకే చోటినుంచి పాకిన తేదీ.

బతికున్నవారి విషయంలో చిరునామాలు, కుటుంబ వివరాలు వదిలేయండి. ఆటకు సంబంధం లేనిది వారి సొంతం.

వ్యాసం శీర్షికలో ఆట, పుట్టిన సంవత్సరం పెట్టండి: "జాన్ చార్ల్స్, ఫుట్‌బాలర్, జననం 1944" అన్నట్టు. మొదటి వాక్యంలోనే రెండోవాడి పేరు ప్రస్తావించి, ఈయన ఆయన కాదని చెప్పండి. తెలుగు వికీపీడియాలో రాస్తుంటే అయోమయ నివృత్తి పేజీ తప్పనిసరిగా తయారుచేయండి, అందులో తక్కువ తెలిసిన ఆటగాడి వరుసను ముందు రాయండి. పేరున్నవాడిని వెతుక్కునేవారు ఎలాగూ కింద చూస్తారు.

మూడో కాగితం మీద మిగిలినవాటిని వ్యాసంలోకి తేకండి, చింపి పారేయకండి కూడా. వాటిని తేదీ, పత్రిక పేరుతో సహా ఆ వ్యాసం వికీపీడియా చర్చాపేజీలో పెట్టండి. రేపు యార్క్‌షైర్‌లోనో, కార్డిఫ్‌లోనో ఉన్న ఇంకొకరు అక్కడి గ్రంథాలయంలో పుట తిరగేసి అది డ్రిఫీల్డ్‌వాడిదో డార్‌ఫీల్డ్‌వాడిదో చెప్పగలుగుతారు.